గుడారంలో బాలింత కుంపటి

మా జాయిస్ ఎదురు చెప్పడం మానేసిన క్షణంలోనే నాకు భయమేసింది. ఏడేళ్ల పిల్ల, నిద్రలో కూడా వాదించే రకం. "కాళ్లు ముడుచుకోవే" అన్నాను. "సరే" అంది. ఆ మాట దాని నోట నేను ఎన్నడూ వినలేదు! నవ్వుకోండి, పర్వాలేదు. పిల్లలను చలినుంచి కాపాడబోయి పిల్లలనే పోగొట్టుకోబోయిన తల్లి కథ ఇది.

క్రిస్మస్ సెలవులకు నంద్యాల నుంచి మా ఆయన సొంతూరు రుద్రవరం వచ్చాం. గుడారంలో పడుకోవాలని పిల్లల పట్టు. మా ఆయన చేనులో కర్రలు పాతి, వడ్లు ఆరబోసే టార్పాలిన్ కప్పి, లోపల వరిగడ్డి మందంగా పరిచాడు. ఇంట్లో పాత బొంతలు, మంకీ టోపీలు ఉండనే ఉన్నాయి.

"కింద గడ్డి, పైన బొంత. ఇంగేం గావాల?" అన్నాడు.

"పిల్లోళ్లకు జలుబు చేస్తే?"

"చేస్తే ముక్కు చీదుతారు."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

మా వైపు బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి తలుపు మూస్తారు. రెండు కాన్పులకూ మా అమ్మ నన్ను వంకాయలా కాల్చింది. ఆ విద్యే ఇక్కడ ప్రయోగించాను. ఆయన మోటారు ఆపడానికి వెళ్లగానే, అన్నం వండిన పొయ్యిలోని నిప్పులు బాండ్లిలోకి ఎత్తి, గుడారంలో గడ్డి పక్కకు జరిపి పెట్టాను. నేనూ పిల్లల పక్కన దూరి, లోపలినుంచే టార్పాలిన్ అంచుల మీద రాళ్లు పేర్చాను. చీమ దూరే సందు కూడా వదల్లేదు. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ, అదీ ఫస్ట్ క్లాసులో!

కాసేపటికి ఆ "సరే". నాకూ తల పగిలిపోతోంది. నాలుగేళ్ల శామును పిలిచాను, పలకలేదు. బుగ్గ గిల్లాను, కదల్లేదు. లేవబోతే కాళ్లు నా మాట వినలేదు.

"ఏమయ్యో!" అని గొంతు చించుకున్నాను.

ఆయన పరుగున వచ్చి లాగిన లాగుడికి గుడారమే ఊడిపోయింది. పిల్లలను చెరో చంకలో ఎత్తి గట్టు మీదికి చేర్చాడు.

"ఏం పెట్టినావే లోపల?"

"కుంపటి. మా అమ్మ పెట్టలేదా?"

"మీ అమ్మోళ్ల ఇంటికి పెంకుల సందులుండాయి, గాలాడతాది. దీనికి యాడుండాయి? పొగ కనపడకపోయినా సంపుతాది గదే!"

చలిగాలి మొహాన కొట్టాక శాము దగ్గి, కళ్లు తెరిచి, "నాయనా, చలేస్తాంది" అన్నాడు. అంతకన్నా తియ్యటి ఫిర్యాదు నేను వినలేదు.

బొంతలు చుట్టుకుని నలుగురం ఒకే బండి మీద ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా ఇద్దరి పళ్లు టకటకమంటుంటే, ఆ చప్పుడు ఆగకూడదని దేవుణ్ణి వేడుకుంటూ కూర్చున్నాను. డాక్టరమ్మ పిల్లలకు ఆక్సిజన్ పెట్టింది, నాకు చీవాట్లు పెట్టింది.

తెల్లారి జాయిస్ మొహానికున్న మాస్కు తీయగానే వాదన మొదలుపెట్టింది.

"గుడారం పీకేసింది నాయన. మాదేం తప్పు? మళ్లా వేయాల."

ఇద్దరి తలల మీద చేతులు పెట్టి ఒట్టేశాను. "వేస్తాం. గడ్డి, బొంత, టోపీ, అంతే. గాలాడని చోట మళ్లా నిప్పు పెడితే నేను మీ అమ్మనే కాదు. చలేస్తే వణకండి. నాకు ఇనపడేట్లు, గట్టిగా వణకండి."