పుర్రచేతి లెక్క

చౌడమ్మ పొయ్యిలో అట్లకాడ పెట్టి మంట ఎగదోసేసరికి కోడలు నల్లమ్మకు ఎడమ అరచేయి చురుక్కుమంది. అది ఇప్పటి మంట కాదు. ముదిగుబ్బ పక్క పల్లెలో, చిన్నప్పుడు కన్నతల్లి పెట్టిన వాత.

ఎడమచేతి వాటాన్ని ఆ సీమలో పుర్రచెయ్యి అంటారు. ఆ చేత్తో వడ్డిస్తే అత్తవారింట అవమానమని ఆడపిల్లలకు వాత పెట్టి మాన్పించేవారు. అంతకుముందు, నాయన గొర్రెలను దొడ్డిలోకి తోలుతుంటే నల్లమ్మ ఎడమ బొటనవేలు వేళ్ల కణుపుల మీద నడిచేది, లెక్క దానంతటదే వచ్చేది. కాలిన చేతికి గుడ్డ కట్టిన సాయంత్రం కుడిచేతి కణుపులు పట్టుకుంది. వేలు ఒక దారి, లెక్క ఒక దారి. అన్నీ వచ్చాయని చెప్పేసింది. చూలు గొర్రె ఒకటి వాగు వంకలోనే ఉండిపోయి తోడేలు పాలైంది. పుండు మానింది గానీ లెక్క మళ్లీ కుదరలేదు. మొద్దు అన్న పేరు మిగిలింది.

ఇప్పుడు, పంతొమ్మిది వందల అరవై రెండులో, నల్లమ్మ కూతురు అక్కమ్మదీ అదే చెయ్యి. పొయ్యిలో అట్లకాడ కాలేది దానికే. నాయనమ్మ పిలిస్తే ఏమీ తెలియక వచ్చి నిలబడింది.

టీకాలు వేయడానికి బుక్కరాయసముద్రం నుంచి వచ్చిన యేసన్న అరుగు మీద మజ్జిగ తాగుతున్నాడు. నల్లమ్మ ఆయన్ను అడిగింది.

“ఏమన్నా, చెయ్యి కాలిస్తే లెక్క యాడికి పోతాది?”

“ఎడమ చేతిని నడిపేది తలకాయలో కుడి సగమంటమ్మా. లెక్క ఏ పక్క ఉండాదో మా డాక్టరుకే సరిగ్గా తెలీదంట. మనిషిని బట్టి ఉంటాదంటాడు.”

“తెలీనోడు ఊరకుండల్ల,” అంది చౌడమ్మ. “రేపు ఇది పుర్రచేత్తో వడ్డిస్తే నువ్వొచ్చి తింటావా?”

“పెడితే తింటా, పెద్దమ్మా.”

“నీకు ఊరూరా ఎవరో ఒకరు పెడతాండారు. ఏ చెయ్యైతేనేం.”

పెళ్లయినప్పటి నుంచి అత్తకు ఎదురు చెప్పని నల్లమ్మ పొయ్యికి అడ్డంగా కూచుంది.

“వడ్డించేది కుడిచేత్తో నేర్పిస్తానత్తా. లెక్క మాత్రం దాని చేతికి వదిలెయ్. గొర్రె పోయింది నా తెలివితక్కువకే అనుకుంటా బతికినా. నాకుండేదాన్ని కాల్చి తీసేసినారు.”

చౌడమ్మ కోడలి చేతిని లాగి మచ్చ చూసింది. ఇన్నేళ్లూ అది పొయ్యి కాడ కాలిందే అనుకుంది. మొద్దుకోడలని వీధిలో చాటింది తనే. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత అట్లకాడ తీసి నీళ్లలో ముంచింది.

“నేర్పించకపోతే నిన్ను కాలుస్తా,” అంది.

ఆ పొద్దు గొర్రెల మంద వచ్చినప్పుడు అక్కమ్మే ఎడమచేతి కణుపుల మీద ఎంచింది. పక్కన నల్లమ్మ కూడా తన ఎడమచెయ్యి తెరిచి ఎంచి చూసుకుంది. నాలుగు జతలు దాటగానే ఆమెకు దుమ్ములో అన్నీ కలిసిపోయాయి.

మరునాడు అక్కమ్మ కుడిచేత్తో సంగటి ముద్ద పెట్టబోతే జారి నేల మీద పడింది. చౌడమ్మ దాన్ని తీసి, మన్ను దులుపుకొని తినింది.