నేలను పైకి తెచ్చిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు మొన్న గురువారం పొద్దున పోయారు. టీ కాచుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడ్డారట. ఫోను వచ్చేసరికి నేను మంచం దిగలేక గోడ పట్టుకుని ఉన్నాను. నిజం చెప్పేస్తాను, ముందు నాకు ఏడుపు రాలేదు. ఇక నా నడుము గతేంటన్న భయం వచ్చింది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

సత్తెనపల్లిలో చదువుకునేటప్పుడు ఆయన మాకు డ్రిల్లు చెప్పారు. రిటైరయ్యాక, మూతబడ్డ పత్తి మిల్లు షెడ్డులో రోజూ పొద్దున్నే యోగా నేర్పేవారు. ఇరవై ఏళ్లు మిరప చేలల్లో పురుగుమందు కొట్టే ట్యాంకు వీపున మోసిన నా వీపు పోయిన వేసవిలో మొరాయించింది. ఎడమకాలు తొడ దాకా మొద్దుబారింది. ముందు వ్యాయామం చేసి చూడు, తగ్గకపోతే ఆపరేషనే అన్నాడు గుంటూరు డాక్టరు. మాస్టారి దగ్గరికి వెళ్లాను.

మొదటిరోజు కింద పరుచుకోవడానికి మిరపకాయల గోనెసంచి పట్టుకెళ్లాను. రెండుసార్లు ఉతికానులే అని ధీమా. బోర్లా పడుకుని గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చాను. ఇక షెడ్డంతా తుమ్ములే. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ, "ఒరేయ్, మిర్చి యార్డుకి తోలాల్సిన ఘాటంతా ఇక్కడికి తెచ్చావేంట్రా!" అని నవ్వారు.

ఆ సాయంత్రమే నన్ను బజారుకి తీసుకెళ్లారు. కొట్లో మ్యాట్లన్నీ పరిపించి, చెప్పులు విడిచి, అరికాళ్లు తడుపుకుని ఒక్కోదాని మీదా నిలబడ్డారు. కొట్టువాడు విసుక్కున్నాడు. నేను మెరిసే నీలం మ్యాటు చూపించాను. "రంగు చూసి కొనడానికి ఇదేమన్నా చీరేంట్రా? చెమటకి జారిందంటే ఉన్న నడుమూ పోద్ది," అన్నారు. జారనిది, మోకాలికి నేల గట్టిగా తగలనిది ఒకటి ఏరారు. అంతకుమించి ఏమీ కొననివ్వలేదు. కాలికి వేసి లాగే బెల్టుకి బదులు మా అమ్మ పాత నేతచీర చాలన్నారు. వంగినప్పుడు చేతుల కింద పెట్టుకునే దిమ్మెను తనే తుమ్మచెక్కతో చిత్రిక పట్టి, అంచులు అరగదీసి ఇచ్చారు.

ముందుకి వంగితే నా వేళ్లు మోకాళ్లకి జానెడు కిందే ఆగిపోయేవి. నలుగురిలో దిమ్మె పెట్టుకోవడానికి బిడియపడ్డాను. "నీ చెయ్యి నేలదాకా రాకపోతే నేలనే కాస్త పైకి తెద్దాం. అందులో సిగ్గేంట్రా?" అన్నారు.

ఆ దిమ్మెను నిలువుగా పెట్టాలో, అడ్డంగా పెట్టాలో రోజూ నా మొహం చూసి ఆయనే చెప్పేవారు. ఆయన చేతిలో ఆ మొద్దుతనం తొడ నుంచి పిక్కకి తగ్గింది. ఇప్పుడు మ్యాటుంది, చీరుంది, దిమ్మె ఉంది. చూసే మనిషి లేరు. పది రోజుల్లో మిరప నారు నాటాలి. ట్యాంకు ఎత్తలేకపోతే కౌలుకిచ్చినాయన చేను ఇంకొకరికి ఇస్తాడు. నాకు వేరే పని రాదు. ఎవరి మీద అరవాలో తెలియక నిన్న ఆ ట్యాంకుని ఎడమకాలితో తన్నాను. దెబ్బ తగిలిన సంగతి కూడా పాదానికి తెలియలేదు.

ఈ ఉదయం పదకొండు మందిమి షెడ్డుకి వెళ్లాం. ఎవరి చోట వాళ్లం పరుచుకుని, తెలిసినంత చేసి, చివర్లో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాం. "ఇక మెల్లగా పక్కకి తిరిగి లేవండి" అని రోజూ మాస్టారే అనేవారు. ఎండ తలుపులోంచి మా కాళ్ల మీదికి, కాళ్ల మీద నుంచి మొహాల మీదికి వచ్చింది. ఎవరూ లేవలేదు.