ఈత వచ్చిన పిల్ల

మా అమ్మాయి నీళ్లలో మునిగింది ఈత రాక కాదు. ఐదో ఏట నుంచీ స్విమ్మింగ్ పూల్‌లోనే పెరిగింది, స్కూలు టీంలో ఉంది. ఆ శనివారం ఉదయం అందరితో పాటే దూకింది, సగం దూరం బాగానే వెళ్లింది, ఆ తర్వాత చేతులు ఆగిపోయాయి. గట్టున కాఫీ తాగుతూ కూర్చున్న నేను అదేదో ఆటనుకున్నాను. లైఫ్‌గార్డు దూకి, బయటికి లాగి, గుండె మీద రెండు చేతులతో ఒత్తుతుంటే గానీ నాకు విషయం ఎక్కలేదు. పిల్ల బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు తర్వాత ముగింపు తెలియని కథ వినే ఓపిక నాకు పోయింది, ఇంకొకరిని ఎందుకు బాధపెట్టాలి.

గుండెకు పుట్టుకతో వచ్చిన లోపం ఏదో ఉండవచ్చు అన్నారు ఆస్పత్రిలో. ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధం కావడంలో ఆ గుండె కొంచెం ఆలస్యం చేస్తుందట. ఈసీజీ మాత్రం అటూ ఇటూ కాకుండా ఉంది. రక్తపరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుంది. మాత్రలతో సరిపెట్టాలా, ఛాతీలో యంత్రం అమర్చాలా అన్నది తేల్చడానికి మీ కుటుంబ చరిత్ర కూడా కావాలన్నారు. చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లెవరైనా ఉన్నారా? నీళ్లలో పోయినవాళ్లు?

ఈ ప్రశ్న అడిగింది జెనెటిక్ కౌన్సెలర్, చాలా మర్యాదస్తురాలు. కాగితం మీద ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు గీస్తోంది. పోయినవాళ్ల మీద అడ్డంగా ఒక గీత. నాన్న పోయాక అమ్మ ఈ దేశం వచ్చి పియారా వాటర్స్‌లో మా దగ్గరే ఉంటోంది కాబట్టి వెంట తీసుకెళ్లాను. ప్రశ్నను నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే అమ్మ, "మాలో ఎవరూ లేరు" అంది.

మా అమ్మ ఉప్పుందా అని అడిగితే ఉప్పు ఎక్కడ కొన్నదీ ఎవరితో బేరమాడిందీ చెప్పి, చివరికి ఉందో లేదో చెప్పడం మరిచిపోయే మనిషి. అలాంటిది మూడు మాటల్లో తేల్చేసింది. పైగా మా అమ్మాయిని మొదటిసారి ఈతకు చేర్చినప్పుడు ఈమే రెండు రోజులు అన్నం మానేసింది. మన వైపు ఆడపిల్లలకు నీళ్ల గండం ఉందని ఏడ్చింది. నేను నవ్వి కొట్టిపారేశాను. చుట్టూ సముద్రం ఉన్న దేశానికి వచ్చి, పిల్లకు ఈత నేర్పించకుండా ఎలా ఉంటాం?

"ఇంట్లోవాళ్లకు గుర్తు లేకపోయినా మరణాల రికార్డుల్లో ఉంటుంది కదా, ఆన్‌లైన్‌లో అడిగి చూడండి" అంది కౌన్సెలర్. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆఫీసులో ఒకావిడ తన ముత్తాత తండ్రి ఏ ఓడ దిగాడో, ఏ రోగంతో పోయాడో లంచ్ టైంలో ఫోన్‌లోనే నాకు చూపించింది. మా ఊళ్లో చావులు రాసింది కరణం. ఆయన రాసినవి ఏ బీరువాలో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు?

ఊళ్లో మాకు మిగిలింది మా మేనమామ కొడుకు ఒక్కడే. ఫోన్ చేశాను. "ఏంది మరదలా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానే! తాత పేరు, పాత రికార్డులు అంటన్నావ్, పొలంలో వాటాకేమన్నా వస్తన్నావా?" అన్నాడు. సరసమే, కానీ అందులో కొంత నిజమైన భయం కూడా ఉంది. పాత కాగితాలు ఎవరు అడిగినా మావాళ్లకు ముందు గట్టు తగాదాలే గుర్తొస్తాయి. పిల్ల సంగతి చెప్పాక మాత్రం బావ ఇంకో మాట అనలేదు. మండల ఆఫీసు చుట్టూ తిరిగాడు. పాత పుస్తకాలు చెదలు తినేశాయని ఒకరన్నారు, జిల్లా ఆఫీసుకు పంపేశామని ఇంకొకరన్నారు. చివరికి ఆ ఆఫీసులోనే వెనకగదిలో మూటల కింద దొరికాయి.

బావ వాట్సాప్‌లో పంపిన ఫొటో షాపింగ్ సెంటర్ కార్‌పార్కులో చూశాను. మా తాత పేరు, పక్కన ఒక కూతురి పేరు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వినని పేరు. వయసు పదహారు. కారణం దగ్గర బావిలో దూకి ఆత్మహత్య అని ఉంది. అమ్మకు ఒక్క అన్నయ్య తప్ప ఎవరూ లేరనే ఇన్నేళ్లూ నేననుకున్నది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ వంటగదిలో కొత్తిమీర వలుస్తోంది. ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

అమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. చేతులు కడుక్కుంది. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అవతల నా బిడ్డ ఒంటినిండా వైర్లతో పడుకుని ఉంటే, ఈవిడ పుట్టింటి పరువు కాపాడుకుంటోంది! తలుపు బయట నిలబడి ఆ మాటే అరిచాను కూడా. అంతకన్నా ఘోరమైన మాటలు కూడా అన్నాను. తలుపు తీయలేదు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ కంచం గదిలోకే తీసుకెళ్లి తింది. ఇంటికి వచ్చిన మా అమ్మాయి "వై ఈజ్ అమ్మమ్మ నాట్ టాకింగ్ టు యూ?" అని అడిగితే అన్నం పెడతాను రమ్మని మాట మార్చాను.

మా అమ్మాయివీ, ఆ తర్వాత నాకూ అమ్మకూ చేసినవీ రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. లోపం ఉన్నమాట నిజమే. అది మా అమ్మాయిలో ఉంది, నాలో ఉంది, అమ్మలో ఉంది. ఏ రకమో తేలింది, దానికి మందు బాగానే పనిచేస్తుందని డాక్టరు ప్రస్తుతానికి మాత్రలు చాలన్నాడు, ఈత మాత్రం ఇక వద్దన్నాడు. ఈ రకం లోపానికి నీళ్లే పెద్ద శత్రువట. చల్లటి నీళ్లలోకి దూకినా, గబగబా ఈదినా గుండె లయ తప్పుతుందట. ఎంత బాగా ఈత వచ్చినవాళ్లయినా ఒక్క కేక కూడా వేయకుండా మునిగిపోతారట.

ఆ మాటలో ఏముందో నాకు వెంటనే తట్టలేదు. ఇంటికి వచ్చి డాక్టరు చెప్పిందంతా వరసగా అమ్మకు చెబుతున్నాను. చివరి మాట దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ చెప్పు. ఈత వచ్చినా?"

"ఈత వచ్చినా మునిగిపోతారంట."

"దూకకపోయినా? చావాలని లేకపోయినా?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఎవరి గురించి అడుగుతోందో. అంతకాలం కిందట పోయిన పిల్లకు ఇప్పుడు ఏ డాక్టరూ పరీక్ష చేయలేడు. ఆ మాట చెప్పాలి, చెప్పాను. కానీ నా మనసులో మాత్రం అనుమానం లేదు.

"ఈతకే దిగుంటుందమ్మా."

"నా చెల్లెలికి చేపకి వచ్చినట్టు వచ్చేదే ఈత. అందుకేనే దూకి చచ్చిందన్నారు. ఈతొచ్చిన పిల్ల ఊరికే ఎట్టా మునుగుద్ది, కావాలనే మునిగిందన్నారు. కరణమూ అదే రాసుకున్నాడు." నీళ్ల గండం మాట మా తాత పుట్టించిందట, పిల్ల ఎలా పోయిందని అడిగిన చుట్టాలకు చెప్పడానికి. ఆ అబద్ధాన్ని నేను నమ్మి ఉంటే నా కూతురు పూల్‌లో దిగేదే కాదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు తాత మీద కోపం వస్తుంది, నా మీద కూడా వస్తుంది.

చెల్లెలు ఇలా ఏ పాపం ఎరగకుండా పోయిందని తెలిస్తే అమ్మ మనసు తేలికపడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పెళ్లికాని పిల్ల దూకిందంటే ఎవడో ఉంటాడు కదా అన్నారు. వాడెవడో నీకు తెలుసు, చెప్పమని మా నాయన నన్ను కొట్టాడు. నాకేం తెలుసు? ఎవరన్నా ఉంటే గదా! చింతబరికె విరిగిందాకా కొట్టాడు. ఇంక తట్టుకోలేక ఒక పేరు చెప్పా. మాకు జాకెట్లు కుట్టే ఆయన. ఆ పొద్దునే మా ఇద్దరి జాకెట్లు ఇచ్చిపోయాడు, ఆ పేరే నోట్లోకి వచ్చింది. అంతే. నాయనా వాళ్లూ పోయి వాళ్లని ఇంట్లోంచి ఈడ్చారు. ఆయన పెళ్లాం కడుపుతో ఉంది. మిషను రోడ్డు మీద పగలగొట్టారు. ఊరొదిలి పోయారు."

"నిజంగానే ఆయనేమో అని నువ్వెప్పుడైనా అనుకున్నావా?"

"ఎన్నోసార్లు అనుకున్నా. అనుకోబట్టే బతికా."

పక్కగదిలో మా అమ్మాయి ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతోంది. అమ్మ కాసేపు ఆ నవ్వు వింటూ కూర్చుంది. తర్వాత బల్ల మీదున్న నా ఫోన్‌ను నా వైపు జరిపింది.

"మీ బావకి చెయ్యి. మళ్లీ ఆ ఆఫీసుకి పొమ్మను. ఇంకొకళ్ల పేరు వెతకాల, ఎక్కడికి పోయారో ఏమయ్యారో."

"ఎవరి పేరు?" అని అడిగాను, తెలిసి కూడా.

అమ్మ చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఆయన తండ్రి పేరుతో సహా, భార్య పేరుతో సహా చెప్పింది.