నోరు జారిన పెనాల్టీ

రజబ్ తువనయాకి చేతుల కంటే నోరు పొడుగని ఇండోనేషియాలోని అంబన్ దీవిలో అతని స్నేహితులే అనేవాళ్ళు. చేతులూ తక్కువవేం కాదు. హతులేసి గ్రామంలో ఇసుకలో బంతాడే కుర్రాళ్ళందరిలోకీ అతనే పొడగరి కాబట్టి, అడగకుండానే గోల్ ముందు నిలబెట్టేశారు. పెద్దయ్యాక మకస్సర్ పట్నంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తీసుకుంది. అక్కడి ముసలి కోచ్ అతనికి నేర్పింది ఒకటే విద్య.

"పెనాల్టీ వచ్చినప్పుడు ముందు నీ నోరు దూకాలిరా, తరవాత చేతులు. కొట్టేవాడికి ఒళ్ళు మండిందా, బంతి కొబ్బరిచెట్లు దాటిపోతుంది."

రజబ్ ఆ విద్యని భక్తిగా సాధన చేశాడు. బ్రెజిల్ వాళ్ళని వాళ్ళ భాషలో, థాయ్ వాళ్ళని వాళ్ళ భాషలో తిట్టేవాడు. అన్ని భాషల్లో బూతులొచ్చు గానీ ఒక్కదాంట్లోనూ మంచినీళ్ళు అడగడం రాదు. ఆ తిట్ల పుణ్యమా అని మలేషియాలోని కువాలా బారు క్లబ్బు పిలిచింది. విదేశీయులకు ఏ క్లబ్బులోనైనా నాలుగు చోట్లే ఉంటాయి. వాటిని గోల్సు కొట్టేవాళ్ళకిస్తారు గానీ ఆపేవాడికి ఎవరిస్తారు? రజబ్‌కి ఇచ్చారు. ఇచ్చారు గానీ, ఒప్పందం ఏడాదికే. ఒప్పందం పొడిగిస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకపోతే పడవెక్కి తిరుగుముఖమే.

ఆ ఏడు చివరి మ్యాచ్ ఓడకుండా ఉంటే చాలు, క్లబ్బు పై డివిజనుకి వెళ్తుంది, రజబ్ ఒప్పందం ఖాయం. మేనేజర్ హారిస్ స్వయంగా భుజం తట్టి ఆ మాట చెప్పాడు. ఆట సమంగా సాగుతూ సాగుతూ ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్ళకి పెనాల్టీ దొరికింది. బంతి తీసుకుని వచ్చినవాడు ఒక్తో. వాడూ అంబన్ వాడే. మైదానంలో వాడు తనని తాను తిట్టుకునే యాస విని రజబ్‌కి ఆ సంగతి ఆట మొదట్లోనే తెలిసిపోయింది.

పరాయి దేశంలో అంబన్ వాడు అంబన్ వాణ్ణి చూస్తే ముందు "మీదే ఊరు?" అని అడుగుతాడు. అది మర్యాదే కాదు, జాగ్రత్త కూడా. హతులేసి వాళ్ళు ముసల్మానులు, కొండ అవతల వాయిమెతెన్ వాళ్ళు క్రైస్తవులు. ఎప్పుడో పెద్దలు ఒకే గిన్నెలో నెత్తురు కలుపుకుని తాగి, రెండూళ్ళనీ తోబుట్టువులని చేశారు. ఆ బంధాన్ని పేలా అంటారు. మసీదుకి కప్పు వేస్తే వాయిమెతెన్ వాళ్ళు దూలాలు మోస్తారు, చర్చికి గోడ లేస్తే హతులేసి వాళ్ళు రాళ్ళెత్తుతారు. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు లేవు. పేలా వాణ్ణి నోరారా తిడితే మాత్రం తాతముత్తాతలు వదలరు. ఈ మాటకి చదువుకున్నవాళ్ళు కూడా నవ్వరు.

ఆ రోజు రజబ్ ఊరు అడగలేదు. సొంత భాషలో తిట్టే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చిందని ముచ్చటపడ్డాడు కాబోలు. దగ్గరికెళ్ళి ఒక్తో తల్లిని తలుచుకుని, అచ్చులో వేయలేని మూడు ముక్కలు అన్నాడు.

ఒక్తోకి కోపం రాలేదు. మొహం పాలిపోయింది.

"అన్నా, నువ్వు హతులేసి వాడివని విన్నాను. మాది వాయిమెతెన్."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. రజబ్ గ్లవ్స్ ఊడబీకి పారేసి, అంత మంది జనం ముందు గడ్డిలో మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక్తో చేతులు రెండూ పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది తమ్ముడూ! తెలీక అన్నాను. మన్నించానను!"

"లే అన్నా, అందరూ చూస్తున్నారు."

"ముందు మన్నించానను!"

"మన్నించానయ్యా బాబూ, లే! నేను పెనాల్టీ కొట్టాలి!"

రిఫరీ పరిగెత్తుకొచ్చి పసుపు కార్డు చూపించాడు. రజబ్ గ్లవ్స్ ఏరుకుని వెళ్ళి నిలబడ్డాడు. ఒక్తో కొట్టాడు. రజబ్ ఎడమకి దూకాడు, బంతి కుడికి వెళ్ళింది. క్లబ్బు ఓడింది.

వాళ్ళ మాటలు ఇంకెవరికీ అర్థం కాలేదు. జనం చూసింది ఒక్కటే. గోల్‌కీపర్ కొట్టేవాడి చేతులు పట్టుకుని ఏదో గొణిగాడు, తరవాత పక్కకి దూకి గోల్ వదిలేశాడు. ఆటలు అమ్ముడుపోయిన కథలు బోలెడు విన్న జనం అది. తెల్లారేసరికి రజబ్ దొంగ అయిపోయాడు. క్లబ్బు విచారణ పెట్టింది.

హారిస్ చెడ్డవాడు కాదు. విచారణకి ముందు రజబ్‌ని పక్కకి పిలిచాడు.

"వాళ్ళకి నీ ఊరి కథ ఎక్కదు. ఒక్క ముక్క చెప్పు. వాణ్ణి తికమక పెట్టడానికి నటించానను. నీ తిట్ల సంగతి లీగంతా తెలుసు, ఇట్టే నమ్ముతారు. ఒప్పందం సంగతి నేను చూసుకుంటాను."

రజబ్ ఇంటికి ఫోన్ చేశాడు. భార్య జైతున్ అంతా విని విసుక్కుంది.

"చెప్పేయరాదూ? నోటితోనే కదా బతుకుతున్నావు."

"క్షమాపణ ఉత్తిదేనని చెప్పాలే. వాడు మన్నించింది కూడా ఉత్తిదైపోతుంది."

"నీ ఇష్టం. నన్నడక్కు," అంది. పాపం, ఆవిడ మాత్రం ఏమంటుంది?

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. నటనా, నిజమా అని అడిగారు. రజబ్ హారిస్ వైపు చూశాడు. హారిస్ కళ్ళతో బతిమాలుతున్నాడు.

"నిజమేనండి. మా వాణ్ణి తిట్టాను, మన్నించమన్నాను."

"మరి గోల్ ఎందుకు వదిలావు?"

"వదల్లేదండి. వాడు బాగా కొట్టాడు."

ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. రుజువేమీ దొరకలేదు కాబట్టి శిక్ష వేయలేదు. ఒప్పందమూ పొడిగించలేదు. ఆ తరవాత ఏ దేశం క్లబ్బూ రజబ్‌కి ఫోన్ చేయలేదు. ఇన్ని భాషల్లో తిట్టినవాడు మాతృభాషలో నిజం చెప్పి చెడిపోయాడు. ఇది న్యాయమని నేననను.

ఊరికి తిరిగొచ్చి గుమ్మం దాటకుండా కూర్చున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కొండ దిగి ఒక ముసలామె వచ్చింది. ఒక్తో తల్లి, మామా దోర్చె. మామా అంటే అక్కడ అమ్మ. చంకలో కుండ, కుండలో పసుపు వేసిన చేపల పులుసు, ఆకు పొట్లంలో సగ్గుముద్ద.

"కొత్త కుండలో వండాను, మా పొయ్యి మీది పంది వాసన తగల్లేదు, భయపడక తిను," అంటూ చతికిలబడింది. రజబ్ తలెత్తలేదు. ఆమె ఊరుకోలేదు.

"ఏమన్నావురా నన్ను? మా వాణ్ణి ఎంతడిగినా చెప్పి చావట్లేదు."

"నా నోట రాదమ్మా."

"ఉద్యోగం ఊడేంత తిట్టా? పోనీ, ఆ నటనేదో ఒప్పేసుకుంటే పోయేదిగా? నేనేం చూడొచ్చానా?"

రజబ్‌కి దుఃఖం పొంగింది. "బుర్రలో నూరుసార్లు ఒప్పుకున్నానమ్మా. నోరు తిరగలేదు."

మామా దోర్చె ముద్ద కలిపి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు అతని నోటి దగ్గర పెట్టింది.

"ఒప్పుకునుంటే నీకు జీతం మిగిలేది. నాకు కొడుకుగా ఒక్తో ఒక్కడే మిగిలేవాడు," అంది.