తుడవని కిటికీ

మా మరిదిని వీధిలో అందరూ మసిగుడ్డ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళ నోట్లో పంచదార పొయ్య! ఇళ్ళల్లో గాలి శుభ్రం చేసే మిషన్లకి ఫిల్టర్లు బిగించడం అతని పని. పని మంచిదే, కాదనను. కానీ పక్క సందులో తన ఇంటికి పోకుండా, ఆ పని చేసొచ్చి మా గుమ్మంలో నిలబడితే చాలు, నాకు ఒళ్ళు జలదరిస్తుంది. గోళ్ళల్లో మసి, చెవుల వెనక మసి, చొక్కా జేబులో ఎవరింటిదో బూజు. అది చాలదన్నట్టు, ఊళ్ళో పీకేసిన పాత ఫిల్టర్లన్నీ సంచిలో వేసుకొచ్చి మా వరండాలో పరిచేవాడు.

"చూడు వదినా, ఇది పిండిమర పక్కింటిది. ఇది రాళ్ళు కోసే కార్ఖానా వెనకింటిది" అని సరిగ్గా నేను కంచం ముందు కూర్చున్నప్పుడే చూపించేవాడు. ఛీ! ఒకసారి ఒకదాంట్లో పిల్లి వెంట్రుకలూ, చచ్చిన ఈగలూ ఉండలు కట్టి ఉన్నాయి. ఆ పూట తిన్నది నా కడుపులో నిలవలేదు.

నాకు శుభ్రం పిచ్చి. మా ఆయన అంటారు, నేను పోయాక కూడా పాడె తుడిచి గానీ ఎక్కనని. అననీ. మురికి చూస్తే నాకు డోకొస్తుంది, ఏం చెయ్యను!

మరిదికో పద్ధతుంది. ఎవరింటికెళ్ళినా ముందు మిషను ముట్టుకోడు. తడిపిన తెల్లగుడ్డతో కిటికీ అంచు తుడిచి, వెలుతురులో పట్టుకుని చూస్తాడు. తర్వాత వాసన చూస్తాడు, వాక్! పొడిపొడిగా తెల్లగా ఉంటే రాతి దుమ్ము. కడిగి మళ్ళీ వాడుకునే జల్లెడలాంటిది ముందు పెడతాడు. నల్లగా జిడ్డుగా అంటుకుంటే బళ్ళ పొగ. దానికి బాగా సన్నని ఫిల్టరు కావాలి. వాసన కూడా ఉంటే, దాన్ని పీల్చుకునే బొగ్గు పొర వెనక ఉండాలి. ఎవరైనా, "సెంటర్లో బోర్డు మీద ఇవాళ గాలి అంకె బాగుందని వేశారయ్యా" అంటే, "ఆ అంకె ఎక్కడో పార్కులో పెట్టిన మిషనుదండీ. మీరు పీల్చేది మీ కిటికీ గాలి" అంటాడు. జనానికి ఇవన్నీ పడతాయా? బ్యాంకాయన ఒకడు నీలం లైటు బాగుందని మిషను కొన్నాడు. లోపల ఫిల్టరుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఏడాదిపాటు నడిపి, "గాలి ఎంత హాయిగా ఉందో!" అని అందరికీ చెప్పుకున్నాడు.

పక్కింటి టీచరమ్మ విషయంలో మాత్రం మరిది చేసింది నాకు నచ్చలేదు. ఆవిడ వియ్యాలవారు హాల్లో కూర్చుని ఉండగా, కిటికీ తుడిచి ఆ నల్లగుడ్డని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఇదమ్మా మీరు రోజూ పీల్చేది" అన్నాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. వారం రోజులు వీధంతా అదే మాట. నా ఇంట్లో ఆ గుడ్డ నల్లబడే రోజు రాకూడదని ఆ పూటే అనుకున్నాను.

అనుకున్నాను గానీ, మా అత్తయ్యకి రెండేళ్ళుగా ఆయాసం. ఆవిడది వెనక గది. గోడ అవతల బస్సుల షెడ్డు. పొద్దున్నే ఇరవై బస్సుల ఇంజన్లు ఆన్ చేసి అరగంట సేపు ఊరికే పెడతారు, వాళ్ళ చేతులు పడిపోను! ఈసారి డాక్టరు గట్టిగానే చెప్పాడు. "ముందు ఆ గదిలో గాలి సంగతి చూడండి. నెల రోజుల్లో నెమ్మదించకపోతే ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టుకోవాల్సిందే."

"ముక్కుకి గొట్టం తగిలించుకుని బతకమంటారా? నా వల్ల కాదు" అంది అత్తయ్య. నెల రోజుల్లో ఆ గొట్టం తప్పించాలి. అంతే మాకు కావలసింది.

ఆదివారం పది గంటలకి మిషను తెస్తానన్నాడు మరిది. నేను ఎనిమిదింటికే సోడా కలిపిన నీళ్ళతో ఆ కిటికీ మీద పడ్డాను. మూడుసార్లు తోమాను. దోమల మెష్ సందుల్లో పాత బ్రష్షు పెట్టి గీకాను. బకెట్లో నీళ్ళు తారులా అయ్యాయి.

"ఎందుకమ్మాయ్ ఇవాళ ఇంత తోముడు?" అంది అత్తయ్య మంచం మీంచి.

"మీ అబ్బాయి వస్తున్నాడుగా" అన్నాను. ఆవిడ బకెట్ వైపోసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మరిది వచ్చాడు. గుడ్డ తడిపాడు, తుడిచాడు, చూశాడు. మల్లెపువ్వులా ఉంది.

"వెనకాల షెడ్డు పెట్టుకుని ఇంత తెల్లగానా వదినా?"

"గాలి అటువైపు కొడుతుందిలే. నేను తుడిచి వారమైంది" అన్నాను. నోరా, తాటిమట్టా! తడుముకోకుండా వచ్చేసింది ఆ అబద్ధం.

పాపం, అతని మొహం వెలిగిపోయింది. "అయితే ఫరవాలేదు వదినా. మరీ సన్నది పెడితే ఈ చిన్న మిషను గాలి లాగలేక ఈసురోమంటుంది. మధ్యరకం చాలు. బొగ్గు పొర కూడా అక్కర్లేదు" అని బిగించేసి వెళ్ళాడు. ఏదో ఒక ఫిల్టరు, అన్నీ ఒకటే కదా అని అప్పటికి సరిపెట్టుకుని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మిషను రోజంతా తిరుగుతూనే ఉంది. అత్తయ్యకి మాత్రం రోజుకి రెండుసార్లు పీల్చే మందు ఐదుసార్లయింది. ఒక దిండు మూడయింది. కఫం గిన్నె నేనే కడిగేదాన్ని, ముక్కు మూసుకుని, మొహం తిప్పుకుని. ఒకరోజు అందులో నల్లటి పోగులు కనబడ్డాయి. కడిగేశాను. కడగడం నాకు అలవాటే కదా.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజుకి ముందురోజు మరిది వచ్చి మిషను విప్పాడు. ఆరు నెలలు రావలసిన ఫిల్టరు. నల్లగా, జిడ్డుగా, డీజిల్ కంపు కొడుతూ అతని చేతికి అంటుకుపోయింది. అతను అరవలేదు. కిటికీ వైపు చూశాడు. బయటికి వెళ్ళి, స్టూలు ఎక్కి, నా చెయ్యి అందని పై అంచు తుడుచుకొచ్చాడు. గుడ్డ కాటుకలా ఉంది.

"వదినా, ఆ రోజు నేను రాకముందు తుడిచావా?"

నాకు తల తీసేసినట్టయింది. "తుడిచాను" అన్నాను.

"ఎంతసేపటి ముందు?"

"రెండు గంటలు."

అతను మంచం పట్టె మీద కూలబడ్డాడు. తిడితే బాగుండేది. "పై అంచు కూడా చూడాల్సింది నేను. మనిల్లే కదా అనుకున్నాను" అన్నాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "నువ్వు చూస్తూనే ఉన్నావుగా అమ్మా, ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు.

అత్తయ్య ఊపిరి తీసుకుని, ఆగి, మళ్ళీ తీసుకుని అంది: "టీచరమ్మని చేసినట్టు నా కోడల్ని చేస్తావేమోనని."

ఆ మాటకి నా మీద నాకే పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. పిల్లి వెంట్రుకలూ, చచ్చిన ఈగలూ దాని ముందు ఎంత!

సిలిండరు వచ్చింది. మరిది ఆ వారమే పెద్ద మిషను తెచ్చి, సన్నని ఫిల్టరూ, వెనక బొగ్గు పొరా పెట్టాడు. బస్సులు కదిలేదాకా కిటికీ తెరవద్దన్నాడు. కఫంలో నలుపు తగ్గింది. రాత్రికి దిండ్లు రెండయ్యాయి. గొట్టం మాత్రం పోలేదు. ఇంకోమాట కూడా చెప్పి వెళ్ళాడు: ఫిల్టరు ఎప్పుడు మార్చాలో తెలియాలంటే ఆ కిటికీ అంచుని, వారం వారం తను వచ్చి గుడ్డతో చూసేదాకా ఎవరూ తుడవకూడదు. రోజూ పొద్దున్న గుడ్డ పట్టుకుని అక్కడిదాకా వెళ్తాను. చెయ్యి లాగుతుంది. వెనక్కి వచ్చేస్తాను.

మొన్న అత్తయ్యని చూడ్డానికి టీచరమ్మ వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఊరికే కిటికీ అంచు మీద వేలు రాసింది. నల్లటి వేలు నా వైపు పెట్టి, "అయ్యో, మీ ఇంట్లోనే!" అంది. ఇన్నాళ్ళకి దొరికాను.

అత్తయ్య గొట్టం సర్దుకుంటూ నా మొహమే చూస్తోంది.

"వారమైంది టీచరమ్మా, తుడిచి. నిజంగానే వారమైంది" అన్నాను.

ఆవిడ వేలు తుడుచుకోవడానికి గుడ్డ అడిగింది. ఉతికిన తెల్లగుడ్డ ఇచ్చాను. ఆవిడ వెళ్ళాక దాన్ని నీళ్ళలో వెయ్యలేదు. మరిదికి చూపించాలని మడత పెట్టి పక్కనుంచాను.