ఇంగ్లీషులో చెప్పుకున్న మాట

టైర్ల షాపు పై అంతస్తులో ఒక ఇంగ్లీషు క్లాసు ఉండేది. పదకొండేళ్లుగా అక్కడ పాఠం చెబుతున్నావిడను అందరూ మేడమ్ అనే పిలిచేవారు. కిందనుంచి రబ్బరు వాసన, గాలి కొట్టే మిషను మోత ఎప్పుడూ పైకి వస్తూనే ఉండేవి. చేరినవాళ్లంతా ఏదో ఒక పని చేసుకుని బతికే పెద్దవాళ్లే.

ఒకసారి ఆ క్లాసు నడిపే మేనేజరు ఆవిడను కొత్త పాఠం రాయమన్నాడు. ఫోను పిచ్చి గురించి ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఏ మాటలు కావాలో, అవి.

"ఇప్పుడు అందరూ వెతికేది ఇదే మేడమ్. ఓ ఇరవై పదాలు చాలు."

మేడమ్ శ్రద్ధగా కూర్చుని రాసింది. హుక్డ్ అంటే గాలానికి తగులుకోవడం. డూమ్‌స్క్రోలింగ్ అంటే చెడ్డ వార్తలు చూసి గుండె బరువెక్కుతున్నా ఇంకా కిందికి జరుపుతూ పోవడం. ఫోమో అంటే మనం చూడని పూట లోకంలో ఏం జరిగిపోతోందోనన్న బెంగ. కంపల్సివ్ దగ్గర కాస్త ఆగి, "వద్దనుకుంటూనే చేసేది" అని రాసింది.

పాఠం రోజున మేనేజరు స్టాండుకి ఫోను బిగించి వెనక బల్ల మీద కూర్చున్నాడు. రికార్డింగు మనకోసమే, పాఠం ఎలా వస్తోందో చూసుకోవడానికే అన్నాడు. మేడమ్ నమ్మింది.

కొత్త మాటలతో తలా ఒక వాక్యం చెప్పమంటే, ఎప్పుడూ నోరు విప్పని టైలరమ్మ లేచి నిలబడింది. తడుముకుంటూ, జరిగిందీ జరుగుతున్నదీ కలిపేస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. స్నానాల గదిలోంచి అమ్మ పిలిచింది. నేను వీడియోలు చూస్తున్నాను. ఇదొక్కటి, ఇంకొక్కటి అనుకున్నాను. వెళ్లేసరికి అమ్మ కింద పడి ఉంది. తుంటి విరిగింది.

"ఐ యామ్ కంపల్సివ్, మేడమ్," అని కూర్చుంది.

మేడమ్ ఆ వాక్యాల్లో ఒక్క తప్పూ దిద్దలేదు.

తర్వాత నాలుగు రోజులు టైలరమ్మ రాలేదు. అయిదో రోజు, అదే క్లాసులో చదివే మందుల షాపాయన తన ఫోను తెచ్చి మేడమ్ చేతిలో పెట్టాడు. మేనేజరు నెట్‌లో ఎక్కించిన వీడియో అది. టైలరమ్మ ముఖం తెర నిండా ఉంది. తప్పు దొర్లినచోటల్లా కప్ప బెకబెకమంటోంది. అమ్మ పడిందన్నచోట ధబ్బుమని చప్పుడు. చివర్లో చిరునవ్వుతో మేడమ్, క్లాసు ఫోను నంబరు.

మేడమ్‌కి ఒళ్లు కంపరమెత్తింది. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"తల్లి తుంటి విరిగిందని ఆవిడ చెబుతుంటే కప్పను అరిపిస్తావా? మనిషివేనా నువ్వు?"

"అలాంటివి లేకపోతే ఎవరూ ఆగి చూడరు మేడమ్. రెండు లక్షలమంది చూశారు. మీకూ ఎంత పేరొచ్చిందో కింద చదవండి ఒకసారి!"

"ముందు తీసెయ్."

"సాయంత్రానికి తీసేస్తాలెండి."

సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి, తీశాడో లేదో చూద్దామని ఆవిడ ఫోను తెరిచింది. తియ్యలేదు. కింద జనం రాసినవి కనిపించాయి. 'టీచరు ఎంత ఓపిగ్గా వింటోందో.' 'ఇలాంటి మేడమ్ మాకుంటేనా!' ఇంకాస్త కిందికి జరిపింది. కొత్తవి వచ్చాయేమోనని మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. టైలరమ్మను వెక్కిరించినవాటిని వేలితో దాటేస్తూ, తనను మెచ్చుకున్నవాటి దగ్గర ఆగుతోంది.

మాడు వాసనకు భర్త పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు.

"ఏం చూస్తున్నావే అంతసేపు?"

"తీశాడో లేదోనని..."

"అది చూడ్డానికి గంట పడుతుందా?"

మేడమ్ సింకు దగ్గరికి వెళ్లి కక్కుకుంది. నోరు పుక్కిలించినా ఆ రోత పోలేదు. మేనేజరును ఏ మాటలన్నదో అవన్నీ తనకూ సరిపోయాయి.

మర్నాడు మేనేజరు ఎదుట నిలబడి, దగ్గరుండి వీడియో తీయించింది. అప్పటికే ఎవరెవరో దాన్ని దించుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు. అక్కణ్నుంచి టైలరు కొట్టుకు వెళ్లింది. టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని అంచు మడుస్తోంది. ఒక్కొక్కటే గుడ్డకు గుచ్చి, అన్నీ అయ్యాకే మాట్లాడింది.

"పక్కింటావిడ మా అమ్మకు చూపించి అర్థం కూడా చెప్పింది మేడమ్. ఆ రోజు కుట్టుమిషను చప్పుడులో నీ పిలుపు వినపడలేదని చెప్పాను అమ్మకి. ఆర్నెల్లుగా అదే నమ్ముతూ వచ్చింది. ఇంట్లో చెప్పలేనిది ఇంగ్లీషులో అయితే చెప్పుకోవచ్చులే, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

"తప్పు నాదేనమ్మా. అంతేకాదు... నిన్న నేనూ గంటసేపు దాని ముందే కూర్చున్నా. నన్ను పొగిడినవి చదువుకుంటూ."

టైలరమ్మ తలెత్తి ఆవిడను ఎగాదిగా చూసింది.

"ఛీ! అది నాకెందుకు చెబుతున్నారు? ఫర్లేదు మేడమ్ అనాలా నేను?"

మేడమ్ తలొంచుకుని కొట్టు మెట్లు దిగింది.

ఆ నెలలోనే పని మానేసింది. ఇప్పుడు ఇంటి ముందుగదిలో నలుగురికి చెబుతోంది. ఫోనులోంచి వీడియోల యాప్‌లన్నీ తీసేసింది, రెండుసార్లు మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసేసింది. ఆ నలుగురిలో మందుల షాపాయన ఉన్నాడు. టైలరమ్మ సంగతులు అతని నోటే వింటుంది. ఆ తల్లి వాకరు పట్టుకుని నడుస్తోందట. ఏం కావాలన్నా కూతుర్ని పిలవదట, తనే లేచి వెళుతుందట.