సున్నా సెకన్ల ఫోన్లు

ఇందులో ప్రతి మాటా నిజం. ఏడుకొండలవాడి మీద ఒట్టు. అది చాలకపోతే మా ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ మీద ఒట్టు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఎడిసన్‌లో మా స్నేహితులు నేనేం చెప్పినా సగం తరుగు తీసి వింటారు. మా పెరట్లో జింక నా చేతిలోంచి మైసూర్‌పాక్ తిన్నదంటే ఇప్పటికీ నమ్మరు. ఈ ఒక్కసారికి తరుగు తియ్యకండి.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, అక్టోబర్ ఒకటిన, నన్ను టౌన్ హాల్ నుంచి పోలీసు డిపార్ట్‌మెంటు రెండో అంతస్తుకి మార్చారు. ఎడిసన్‌కి అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు అది. నా హోదా గ్రాంట్స్ అనలిస్ట్. యూనిఫాం లేదు, తుపాకీ లేదు. నాలాంటి ఉద్యోగిని పోలీసులు సివిలియన్ అంటారు. బయటి నిధులకు దరఖాస్తులు రాయడం, వచ్చిన నిధితో ఏ పని జరిగిందో మూడు నెలలకోసారి రాష్ట్రానికి నివేదిక పంపడం నా పని.

ఆ నిధుల్లో ఒకటి బాధితుల అడ్వొకేట్ జీతానికి వచ్చేది. అడ్వొకేట్ అంటే ఇక్కడ వకీలు కాదు. నేరం జరిగాక పోలీసులు నేరస్తుడి వెంట పడతారు. దెబ్బ తిన్న మనిషి వెంట ఉండేది ఈ ఉద్యోగి. కోర్టు తేదీ గుర్తు చేయడం, రక్షణ ఉత్తర్వుకి కాగితాలు నింపించడం, ఇంటి తాళాలు మార్పించడం, ఒక్కోసారి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోవడం. ఈ జీతం పన్నుల్లోంచి రాదు. ఫెడరల్ కోర్టుల్లో నేరస్తులు కట్టిన జరిమానాలు ఒక నిధిలో చేరి, రాష్ట్రాల మీదుగా మాలాంటి ఊళ్లకి అందుతాయి. ఆ నిధి తగ్గిన ఏడాది రాష్ట్రం ఎవరి దగ్గర ఎంత సేవ జరిగిందో చూసి కోత పెడుతుంది.

మా అడ్వొకేట్ వసుంధర గారు, గుంటూరావిడ. వయసు యాభై దాటింది. ఆవిడ అంకెలు పలచగా ఉన్నాయని కోత ఆవిడ మీద పడింది. సెప్టెంబర్ ఆఖరుతో ఉద్యోగం పోయింది. ఆ అంకెలు టౌన్ హాల్లో కూర్చుని పంపింది నేనే. మర్నాడు ఆవిడ పక్కగదిలోకి వచ్చింది కూడా నేనే.

ఆవిడ గదికి తాళం వేశారు. అడ్వొకేట్ ఫైళ్లు పోలీసు చీఫ్ కూడా తెరవకూడదన్నది నియమం. తలుపుకి చిన్న అద్దం ఉండేది. లోపల బల్ల, కుర్చీ, ఫోను, బల్ల మీద ఒక తెల్ల కవరు.

మొదటి గురువారం సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది. నిమిషం గడిచాక మళ్లీ ఒక్క రింగు. అలా ఏడుసార్లు. తర్వాత ఆ ఫోను ఊపిరి తీసుకోలేదు. శుక్రవారమూ మోగలేదు, సోమవారమూ మోగలేదు. తర్వాతి గురువారం నాలుగింటికి మళ్లీ ఏడు.

మూడో వారం అద్దంలోంచి చూశాను. మసక వెలుతురులో ఫోన్ తెర వెలిగి ఆరుతోంది. వెలిగిన ప్రతిసారీ కుర్చీ కొద్దిగా నా వైపు తిరుగుతోంది. అంతస్తు శుభ్రం చేసే ఆవిడ గురువారాల్లో ఆ తలుపు ముందు చీపురు ఆపకుండా దాటిపోయేది.

డిటెక్టివ్‌ల మీద అధికారి లెఫ్టినెంట్ కార్బెట్. సార్జెంటుకి పైన, కెప్టెన్‌కి కింద. గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఆయనతో చెప్తే, "రోబోకాల్స్, మూర్తీ. గది ఖాళీ అయిందని ఆ ఫోన్లు చేసే మెషీన్లకి ఎవరు చెప్తారు?" అన్నాడు.

నాకు మాత్రం మంచి సరుకు దొరికింది. శనివారం విందుల్లో గురువారం దయ్యం కథ చెప్పేవాణ్ణి. పిల్లలు సోఫాలెక్కి, "అంకుల్, చెయిర్ పార్ట్ మళ్లీ చెప్పండి" అనేవాళ్లు. నిజానికి నేను గురువారాల కోసం ఎదురు చూసేవాణ్ణి.

నవంబర్‌లో, ఇక్కడి చలికాలపు ఆనవాయితీ ప్రకారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక, నాలుగింటికే కిటికీలు బూడిదరంగయ్యే రోజుల్లో, ఒక గురువారం ఆరు రింగులు వచ్చాయి. ఏడోదాని కోసం కూర్చున్నాను. రాలేదు. ఇన్నాళ్లూ మోతకి వెయ్యని భయం అప్పుడు వేసింది. కార్బెట్‌ని పిలిచి తాళం తీయించాను. కవరు మీద వసుంధర గారి చేతిరాత: తర్వాత వచ్చే అడ్వొకేట్ మాత్రమే తెరవాలి. తర్వాత ఎవరూ రాలేదు కాబట్టి ఎవరూ తెరవలేదు. ఫోన్ తెర మీద మిస్డ్ కాల్స్ వరుసగా ఉన్నాయి. ప్రతి గురువారం అవే ఏడు నంబర్లు, ఈరోజు ఒకటి తక్కువ.

అప్పుడు నా చదువు రోజులు గుర్తొచ్చాయి. విజయవాడలో చదువుకునేటప్పుడు, హాస్టల్ చేరగానే ఇంటికి ఒక్క రింగిచ్చి పెట్టేసేవాణ్ణి. చేరాడు, క్షేమం అని అర్థం. రూపాయి ఖర్చు లేదు. అలా బతికినవాణ్ణి, నివేదిక తయారు చేసేటప్పుడు నిమిషం దాటని ఫోన్లు సేవ కింద రావన్న నిబంధన చూసి, ఏడాది పొడుగునా సున్నా సెకన్ల వరుసలన్నీ నా చేత్తో చెరిపేశాను. వసుంధర గారి అంకెలు పలచబడింది అందుకే.

పక్క ఊరు పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో చేరిన ఆవిడకి ఫోన్ చేసి, గురువారం రింగుల సంగతి చెప్పాను.

"ఇంకా ఇస్తున్నారా వాళ్లు?" అన్నారావిడ. "కవర్ ఎవరూ తెరవలేదా?"

"తెరవొద్దని మీరే రాశారు కదండీ."

"నా తర్వాత మనిషొస్తుందనుకుని ఆ ఏడుగురి సంగతీ అందులో రాసిపెట్టానండీ. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లు, ఇక ఫోన్ చెయ్యొద్దని లెటర్ వేస్తే మొగుడు చదువుతాడు, టెక్స్ట్ పెడితే మొగుడు చూస్తాడు. ఆఫీస్ నంబర్ టైలర్ అని సేవ్ చేయించాను. మిగతా రోజులు ఇంటినుంచే పనిచేసినా, గురువారం మగాళ్లు ఆఫీస్‌కి వెళ్లే రోజు. నాలుగింటి నుంచి నిమిషానికొకరు ఒక రింగిస్తే బాగున్నట్టు. రాకపోతే వెల్‌ఫేర్ చెక్‌కి, అంటే క్షేమం చూసి రమ్మని, పోలీస్ కార్ పంపించేదాన్ని. ఈరోజు ఎన్నొచ్చాయి?"

"ఆరు."

"నంబర్లు చదవండి."

చదివాను. "ఫోన్ లెఫ్టినెంట్‌కివ్వండి. అడ్రస్ మీకు చెప్పకూడదు, మూర్తి గారూ. మీరసలే కథలు చెప్తారు" అన్నారు.

ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం అడ్వొకేట్ గోప్యత సడలించి పోలీసులకు చిరునామా చెప్పవచ్చు. కార్బెట్ ఇద్దరు ఆఫీసర్లతో వెళ్లాడు. ఆరోజు రింగివ్వని ఏడో ఆమె, తన ఇంటి బేస్‌మెంటులో, బట్టలుతికే గదిలో ఉంది. మెట్ల పైన తలుపుకి గడియ బయట వేసి ఉంది. భర్త పూటకింత తిండి మెట్ల మీద పెట్టి పోతున్నాడు. ఆమె చెయ్యి విరిగింది. ఫోను చెత్తబుట్టలో ముక్కలై ఉంది. పగిలి రెండు రోజులైందని రిపోర్టులో రాశారు. కార్బెట్ తిరిగొచ్చి, తాము తలుపు తియ్యగానే ఆమె తనకి అర్థం కాని మాట ఒకటి అడిగిందని చెప్పాడు. టైలర్ ఆంటీ పంపించారా అని.

డిసెంబర్‌లో టౌన్ కౌన్సిల్ ముందు నేను చెరిపేసిన వరుసలన్నీ మళ్లీ పెట్టి, ఈ ఉద్యోగాన్ని ఊరి సొంత బడ్జెట్‌లో చేర్చమని అడిగాను. సున్నా సెకన్లలో జరిగే సేవ ఏమిటని ఒక సభ్యుడు అడిగాడు. యూనిఫాంలో వచ్చిన కార్బెట్ లేచి, ఏడో ఫోను రాలేదు కాబట్టే మేం ఆ ఇంటికి వెళ్లాం అని చెప్పి కూర్చున్నాడు. ఉద్యోగం మంజూరైంది. జనవరిలో వసుంధర గారు తిరిగొచ్చి, తను రాసిన కవరు తనే తెరిచారు.

నేను నేర్చుకున్నది పని పద్ధతి మాత్రమే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ నివేదికలోనూ ఒక వరుస ఎవరిదో అడక్కుండా చెరపలేదు. నిబంధన ఒప్పుకోని పనిని కింద వేరే పట్టికలో పెట్టి పంపేవాణ్ణి. ఏ ఉద్యోగం రద్దయినా, ఆ ఫోను ఇక ఎవరు ఎత్తుతారో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టేవాణ్ణి.

ఇక ఒట్టు సంగతి. కుర్చీ తిరగలేదు. అది నా కల్పన. కుర్చీ లేకపోతే విందులో ఎవరూ ప్లేటు పక్కన పెట్టి వినరు. జింక సంగతి మాత్రం నిజం.

ఇంకొకటి కూడా కల్పించాను. ఆరు రింగులు విన్న రోజే తాళం తీయించానని రాశాను. ఆరు విన్న మొదటి గురువారం, నాలుగూ ఇరవైకి కోటు వేసుకుని రైలుకి వెళ్లిపోయాను. ఆ శనివారం విందులో, దయ్యం ఒక రింగు మర్చిపోయిందని చెప్పి అందర్నీ నవ్వించాను. తాళం తీయించింది మరుసటి గురువారం. ఫోను పగిలి రెండు రోజులని రిపోర్టులో లేదు. తొమ్మిది రోజులని ఉంది.